కరెంటు లేనప్పుడు వచ్చిన కబురు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇది రాస్తున్న ఈ నిమిషంలో కూడా లేదు. అనంతపురంలో పదకొండేళ్లుగా ఇళ్లకు కెమెరాలు, సెన్సర్లు బిగిస్తున్నాను. ఆడమనిషి నిచ్చెనెక్కడమేమిటని నవ్వినవాళ్లే తర్వాత రిపేరుకు నన్ను పిలిచారు. ఏ వింత గురించి చెప్పినా ముందు వైరు చూస్తాను, తర్వాతే మాట వింటాను.

మొన్నటి వేసవిలో ధర్మవరంలో లక్ష్మీదేవక్క ఇంటి పని ఒప్పుకున్నాను. ఆమెది పట్టుచీరల వ్యాపారం. ఇల్లు ఈ వీధి నుంచి ఆ వీధి దాకా ఉంటుంది. ముందు దుకాణం, మధ్యలో నడిమిల్లు, దాని వెనక మగ్గాలు, చిట్టచివర పట్టునూలు దాచే గది. గోడలన్నీ మూరెడు మందం రాతివి.

నూలు గదిలో పొగ పసిగట్టే, బ్యాటరీతో నడిచే సెన్సర్ పెట్టాను. అది పంపే కబురు దుకాణంలో కబుర్లన్నీ అందుకునే హబ్‌కు చేరితేనే ఫోన్ మోగుతుంది. అన్ని గోడలు దాటి చేరలేదు. అందుకని దారిలో రిపీటర్లు పెట్టాలి. అవి ప్లగ్గులో ఉండి ఒకదాని నుంచి ఒకటి కబురు అందుకుంటాయి. కరెంటు లేకపోతే పనిచేయవు.

మొదటిది నడిమింట్లో పెట్టాను. అక్కడి ప్లగ్గులో మంట లేచి దాని పిన్నులు కాలిపోయాయి. యాప్‌లోంచి ‘నడిమిల్లు’ అన్న దాని పేరు తీసేసి, అనంతపురం తీసుకెళ్లి నా షాపు సొరుగులో పడేశాను. బదులుగా వరండా వెంట మూడు బిగించాను. కబురు చేరింది.

‘నడిమింట్లో మా యమ్మ పొయ్యేదాకా ముప్పై ఏండ్లు మగ్గం నేసినాది. ఆడ ఇంకేం పెట్టొద్దు’ అన్నాడు లక్ష్మీదేవక్క మరిది. నేను పట్టించుకోలేదు.

పని ముగించే రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. దుకాణంలో హబ్ ఒక్కటే ఇన్వర్టర్ మీద ఉంది. నేనూ లక్ష్మీదేవక్కా అరుగు మీద మజ్జిగ తాగుతున్నాం. నా ఫోన్ మోగింది. నూలు గది, పొగ.

రిపీటర్లు మూడూ ఆగిపోయి ఉన్నాయి. ఇది రాకూడదు అనుకుంటూనే పరుగెత్తాను.

తలుపు తీస్తే పొగ. కరెంటు పోయే ముందే పాత ఫ్యాను వైరు కాలి గోనెసంచులకు అంటుకుంది. వాటి వెనక నూలు మూటల మీద ఓబులేసు పడి ఉన్నాడు. ఆ ఇంట్లో పాతికేళ్లుగా నేస్తున్న మనిషి. మగ్గాల చప్పుడుకు చెవులు మందగించాయి. అన్నం తిని అక్కడ కునుకు తీస్తాడని మాకెవరికీ తెలియదు. నేనూ, నా వెనకే వచ్చిన లక్ష్మీదేవక్కా చెరొక రెక్క పట్టుకుని బయటికి ఈడ్చాం. చాలాసేపు దగ్గి, ‘ఏమైందక్కా?’ అన్నాడు.

నిప్పు ఆర్పాక యాప్ తెరిచాను. ప్రతి కబురు పక్కనా అది ఏ పరికరం మీదుగా వచ్చిందో ఉంటుంది. ఆ వరసలో ఒకటే మాట ఉంది. నడిమిల్లు.

అది నేను తీసేసిన పేరు. సాయంత్రం షాపుకెళ్లి సొరుగు లాగితే కాలిన పిన్నులతో ఆ రిపీటర్ అక్కడే ఉంది.

మరుసటి రోజు మెయిన్ స్విచ్ ఆపేసి, సెన్సర్ కింద అగరుబత్తీలు వెలిగించి చూశాను. ఏడుసార్లు చేశాను. ఒక్కసారీ కబురు చేరలేదు.

మరిది అరుగు మీద నిలబడి అన్నాడు, ‘ఇంకా ఏం చూస్తావమ్మా? వదినా, పూజారిని పిలిపిచ్చి ఆ నడిమింటి తలుపు మూసి బీగం ఏసేద్దాం.’

‘బీగం ఏసేది లేదు’ అంది లక్ష్మీదేవక్క. ‘మడిసి బతికినాడు. ఎవురో ఏమో, ఎళ్లగొట్టే పని నాకేం ఉండాది?’

‘మీ అత్త అని మాత్రం నేను ఒప్పుకోను’ అన్నాను.

‘ఒప్పుకోవద్దులే. ఇంకేందో నువ్వు చెప్పు మరి.’

యాప్‌లో కనిపించిన ఆ వరసను ఫొటో తీసి పరికరాలు తయారుచేసినవాళ్లకు పంపాను. ఇలా జరగడం సాధ్యం కాదని జవాబు వచ్చింది. సాధ్యం కాదని నాకూ తెలుసు, జరిగింది అని తిరిగి రాశాను.