అద్దాల పెట్టెలో అనంతపురం గాలి

కరోనా సద్దుమణిగి విమానాలు మళ్ళీ మామూలుగా తిరుగుతున్న ఏడాది, నవంబరు నెలలో, నన్ను కొరియర్‌గా నియమిస్తూ మా శాఖ నుంచి ఉత్తర్వు వచ్చింది. పార్సిళ్ళు పంచే పని అనుకుని మా ఆడపడుచు చాలా బాధపడింది. మ్యూజియం ఉద్యోగాల్లో ఆ మాటకు అర్థం వేరు. ఒక దేశపు వస్తువు ఇంకో దేశంలో ప్రదర్శనకు వెళితే, దాని పెట్టెతో పాటు ప్రయాణం చేసి, దగ్గరుండి విప్పించి, దాని చోట పెట్టించి, అంతా సరిగా ఉందని సంతకం చేసి వచ్చే అధికారిని కొరియర్ అంటారు. ఆ సంతకం లేనిదే వస్తువును ఎవరూ ప్రదర్శనలో పెట్టకూడదు.

అప్పటికి నేను అనంతపురం మ్యూజియంలో కన్సర్వేషన్ ఆఫీసరును. పురుగు, చెమ్మ, తుప్పు, ఎండ వీటి బారి నుంచి పాత వస్తువులను కాపాడటం నా పని. నాకంటే చిన్నవాళ్ళు ఎందరో విదేశాలకు వెళ్ళి, పేరున్న మ్యూజియాల మెట్ల మీద ఫొటోలు దిగి వచ్చారు. నా వంతు వచ్చేసరికి జుట్టు నెరిసింది, రిటైర్మెంటు దగ్గరపడింది. అయినా వచ్చిన అవకాశాన్ని ఊరికే వదులుకుంటానా?

నేను తీసుకువెళ్ళవలసింది ఒక తోలుబొమ్మ. మనిషంత ఎత్తు ఆంజనేయుడు, మేకతోలు. బత్తలపల్లి అవతల ఒక పల్లెలో ఉండే ఓబులమ్మది. ఆమె బొమ్మలాట ఆడే ఇంటి కోడలు, ఇప్పుడు ఆ జట్టుకు పెద్ద. ఐరోపాలోని ఒక గొప్ప మ్యూజియం రకరకాల దేశాల నీడబొమ్మలతో ప్రదర్శన పెడుతూ, ఆహ్వానపత్రిక మీద మన ఆంజనేయుణ్ణే అచ్చు వేసుకుంది. ఆ మ్యూజియం పేరు ఇక్కడ రాయను.

బొమ్మను తీసుకోవడానికి వెళ్ళిన రోజు ఓబులమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది.

“మేడమ్మా, ఒక మాట ఇనుకో. మొగం చెడిన బొమ్మను మేము ఆడిచ్చం. పూజ చేసి నీళ్ళల్లో ఇడిసేస్తాం. ఇది మా మామ చేసినాడు. ఇంత బొమ్మ చేసే చెయ్యి ఇప్పుడు మా ఇంట్లో లేదు. ఇది పోయిందంటే మా ఆట పోయినట్లే.”

“నేను కూడా పోతాండా కదా ఓబులమ్మా” అన్నాను.

“నువ్వు పోతాండావనే ఇస్తాండేది. ల్యాకుంటే ఆ దొరల మొగం జూసి ఇస్తానా?”

మా నాయన ముదిగుబ్బలో తోళ్ళ వ్యాపారం చేసేవాడు. తోలు ఎండిందో లేదో గోటితో మీటి చూసేవాడు. టంగుమంటే ఎండినట్టు, మెత్తగా పలికితే ఇంకా తడి ఉన్నట్టు. బయలుదేరే ముందు ఆంజనేయుడి అంచును అలాగే మీటి చూశాను. టంగుమంది. దేవదారు చెక్క పెట్టెలో, మెత్తటి గుడ్డల మధ్య పడుకోబెట్టి సీలు వేయించాను.

అక్కడ దిగినప్పటి నుంచీ ముసురు. మ్యూజియంలో నాకు జోడీ మార్తా అనే ఆమె, అక్కడి కన్సర్వేషన్ విభాగానికి అధిపతి. మాట తక్కువ, పని శుభ్రం. పెట్టెను రాగానే విప్పకూడదు, అక్కడి గాలికి అలవాటు పడేలా ఒక రోజు గదిలోనే ఉంచాలి. ఆ రోజు మ్యూజియానికి సెలవు కావడంతో మార్తా నన్ను గదులన్నీ తిప్పి చూపించింది. కాలేజీ పుస్తకాల్లో నలుపు తెలుపుల్లో చూసిన చిత్రాల ఎదుట, సందర్శకులెవరూ లేని హాల్లో, నేనొక్కదాన్నే నిలబడ్డాను. గోడంత ఉంటుందనుకున్న చిత్రం పలకంత ఉంది. పలకంత ఉంటుందనుకున్నది పైకప్పును తాకుతోంది. ఇంతదూరం నన్ను తెచ్చింది ఒక మేకతోలు అనుకుంటే గర్వంగానే అనిపించింది.

కానీ మా వృత్తివాళ్ళకు ఒక జబ్బు ఉంది. చిత్రం కంటే ముందు గది మూలన ఉన్న తేమ మీటరు మీదికి చూపు పోతుంది. అన్ని గదుల్లోనూ ఒకటే అంకె, యాభై ఐదు శాతం. ఆ చిత్రాలు చాలావరకు చెక్క మీద వేసినవి, గాలి పొడిబారితే చెక్క పగులుతుంది, అందుకే భవనమంతటికీ ఒకే అంకె అని మార్తా చెప్పింది. చెక్కకు అది సరైన మాటే.

మర్నాడు పెట్టె విప్పి, బొమ్మను బల్ల మీద పరిచి, ఇద్దరం కలిసి కండిషన్ రిపోర్టు రాశాం. అంటే ఎక్కడ చిరుగు ఉంది, ఎక్కడ రంగు లేచింది అని అంగుళం అంగుళం చూసి రాసే పత్రం. ఏ లోపమూ లేదు. బొమ్మను బల్ల మీదే ఉంచి తలుపు వేశాం.

బుధవారం పొద్దున తలుపు తీసి బల్ల దగ్గరికి వెళ్ళాను. ఆంజనేయుడి మొహం ఛాతీ మీదికి ముడుచుకుపోయింది. గద పట్టిన చెయ్యి చుట్టలా చుట్టుకుంది. వానాకాలంలో డబ్బా మూత పెట్టని అప్పడంలా మెత్తబడి వంకర తిరిగింది. ప్రారంభోత్సవం శుక్రవారం.

హీటర్ల వేడికి తోలు ఎండి బిగుసుకుందని మార్తా అభిప్రాయం. సన్నగా తేమ పట్టించి, అద్దుడు కాగితాల మధ్య బరువులు పెడదామంది. పాత తోలు గ్రంథాలకు చేసే వైద్యమే అది, తప్పేమీ కాదు. నేను అంచును గోటితో మీటి చూశాను, మెత్తగా పలికింది, వద్దన్నాను. ఈ తోలు ఎండలేదు, నానింది, మీ భవనంలో మామూలు గాలే దీనికి ముసురు అన్నాను. తడిపితే రంగులన్నీ కాగితానికి అంటుకుంటాయని చెప్పాను. ఉతికిన చీర తాడు మీద వేసి వెనక్కి తిరిగేలోపు ఆరిపోయే ఊరి నుంచి వచ్చింది ఇది, మా ఎండాకాలపు గాలిలో తేమ ముప్పై శాతం దాటదు, దీనికి అదే అలవాటు అని వివరించాను. భవనం మొత్తం మార్చనక్కర్లేదు, ఒక్క అద్దాల పెట్టెలో గాలి పొడిగా చేస్తే చాలన్నాను. తోలు వస్తువులకు అంత తక్కువ తేమ మా నిబంధనల్లో లేదని ఆమె జవాబు.

ఆమె వాళ్ళ డైరెక్టరుకు చెప్పింది. ఆయన మా డైరెక్టరుకు ఫోన్ చేశాడు. మా డైరెక్టరు నాకు చేశారు.

“ఏమ్మా, పేచీ పెట్టావట? వాళ్ళు పేరున్న నిపుణులు. చెప్పినట్టు చేయనిచ్చి సంతకం పెట్టేసి రా.”

“వాళ్ళు నిపుణులే సార్. సంతకం నాది, బొమ్మ ఓబులమ్మది. తడిపితే నేను సంతకం పెట్టను. కావాలంటే సస్పెండ్ చేయండి, ఇక్కడే నాలుగు రోజులు ఊరు చూసి వస్తాను.”

ఆయన ఫోన్ పెట్టేశారు.

ఏ వైద్యం చేయాలన్నా యజమాని అనుమతి తీసుకోవడం నియమం. మార్తాను పక్కన కూర్చోబెట్టుకుని ఓబులమ్మకు వీడియో కాల్ చేసి బొమ్మను చూపించాను. ఆమె ఫోన్‌ను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

“ఆడ వాన పడతాందా మేడమ్మా?”

“దిగినకాడి నుంచి పడతానే ఉండాది.”

“ఇంగేమి మల్ల? అది వానను పిలిచే బొమ్మ, వానకు ఓర్సుకునే బొమ్మ గాదు. వాన రాలేదని ఊళ్ళోళ్ళు పిలిస్తే ఆడిస్తాం. సినుకు పడిందంటే మూట గట్టి పొయ్యి మింద అటకకు ఎక్కిచ్చేస్తాం. నీళ్ళు తగిలిచ్చినారంటే ఊరుకోనని ఆ దొరసానికి చెప్పు.”

చివరి వాక్యాన్ని కాస్త మర్యాదగా అనువదించాను. యజమాని వద్దన్నాక తడిపే వీల్లేదు కనుక, పొడి గాలికి మార్తా తన బాధ్యత మీద ఒప్పుకుంది. ఒకటే షరతు. శుక్రవారం పొద్దుటికి బొమ్మ చక్కబడకపోతే ప్రదర్శన నుంచి తీసేసి, పాడైనట్టు రాసి వెనక్కి పంపుతారు. మొహం చెడిన బొమ్మతో నేను ఓబులమ్మ గడప ఎక్కాలి.

అద్దాల పెట్టె అడుగున సిలికా జెల్ పరిచాం. కొత్త బూట్ల డబ్బాల్లో చిన్న పొట్లాలుగా వస్తుందే, అదే, గాలిలో తేమను పీల్చుకుంటుంది. ఒక్కసారిగా ఆరబెడితే రంగు పెచ్చులూడుతుంది కనుక కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వచ్చాం. గురువారమంతా ఇద్దరం దాని ముందే కూర్చున్నాం. మధ్యాహ్నానికి వేళ్ళు విచ్చుకున్నాయి. సాయంత్రానికి గద దించాడు. మొహం మాత్రం అలాగే ఉంది. రాత్రికి హోటలుకు వెళ్ళాను.

శుక్రవారం పొద్దున వెళ్ళేసరికి మార్తా నాకంటే ముందే వచ్చి నిలబడి ఉంది. ఆంజనేయుడు తలెత్తి చూస్తున్నాడు. అద్దాల పెట్టె తలుపు తీసి అంచును గోటితో మీటాను. టంగుమంది. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి, దాచుకోలేదు. మార్తా తనూ ఒకసారి మీటి చూసి, పెన్ను నా చేతికిచ్చింది. సంతకం పెట్టాను.

ఆ సాయంత్రం వెనక నుంచి దీపం వెలిగించగానే ఎరుపూ పచ్చా అద్దం నిండా పరుచుకున్నాయి. జనం అక్కడే ఆగిపోయారు. మర్నాడు టికెట్టు కొనుక్కుని, వరుసలో నిలబడి, మామూలు సందర్శకురాలిలా వెళ్ళి ఇంకోసారి చూసి వచ్చాను.

తిరుగు ప్రయాణం రోజున మార్తా నన్ను కంట్రోల్ గదికి తీసుకెళ్ళింది. తెర మీద భవనంలోని గదులన్నీ వరుసగా ఉన్నాయి, మహామహుల చిత్రాలున్న గదులు. అన్నిటి ఎదుటా యాభై ఐదు. చిట్టచివరి వరుసలో మాత్రం ముప్పై. దాని పక్కన మార్తా టైపు చేయించిన పేరు, అనంతపురం.

వేసవిలో బొమ్మ తిరిగి వచ్చింది. ఓబులమ్మ ఎండలో నిలబెట్టి మొహం చూసింది, చేతులు ఆడించింది, గోటితో మీటింది.

“ఏం చెడలేదు” అంది.

“ఇంకోసారి అడిగితే పంపుతావా?”

“నువ్వు పోతే పంపుతా.”

సర్వీసులో నాకు దక్కిన ప్రశంసాపత్రాలు ఒకటి రెండున్నాయి. ఈ మాటను వాటికంటే పైన పెట్టుకుంటాను.

ఒక వస్తువుకు ఏ గాలి సరిపడుతుందో నిర్ణయించే ముందు అది ఏ ఊళ్ళో బతికిందో అడగాలి. ఈ వ్యవహారం నాకు నేర్పింది అదే, తరువాత వచ్చిన జూనియర్లకు నేను చెప్పిందీ అదే. ఇంకొకటి కూడా ఉంది. మా జిల్లా గాలిలో తడి లేదని పుట్టినప్పటి నుంచీ అందరూ జాలిపడటమే విన్నాను. ఆ గాలి అంత గొప్ప మ్యూజియంలో దొరకలేదు, తయారు చేసుకోవలసి వచ్చింది.