చింతపండుతో తోమిన యుద్ధపతకం

నా చిన్నతనంలో గురువారం సాయంత్రమైతే చాలు... హఫీజ్‌పేట్ స్టేషన్ మెట్ల మీద కూర్చుని మా నాయన కోసం ఎదురుచూసేదాన్ని. డ్యూటీ దిగి, గురువారం గురువారం పాత సామాన్లమ్మే జుమ్మేరాత్ బజార్ అంతా తిరిగి లోకల్ రైల్లో వచ్చేవాడు. చేతిలో వార్తాపత్రిక పొట్లం కనిపించిందంటే ఆ రోజు ఏదో దొరికినట్టే. అందరి నాన్నలూ మిర్చి బజ్జీలు తెస్తే, మా నాయన ఎవరో సిపాయిల పాత మెడల్స్ తెచ్చేవాడు!

మాది కడప వైపు. మా ఇంట్లో సైన్యానికి వెళ్లినవాళ్లు ఒక్కరూ లేరు. నాయన వయసులో ఉన్నప్పుడు వెళ్లాలనుకుంటే ఎత్తు చాల్లేదని తిప్పి పంపారట... ఆ ముచ్చట ఇలా తీర్చుకునేవాడు.

అమ్మ గాజుల పెట్టె లాక్కుని, లోపల మెరూన్ రంగు వెల్వెట్ గుడ్డ పరిచి, తొమ్మిది పతకాలు అమర్చుకున్నాడు. నూలుగుడ్డతో తప్ప ముట్టుకోకూడదు. వేలి చెమట తగిలితే మచ్చ పడుతుందని భయం. వాటికి పట్టిన నలుపంటే ఆయనకు ప్రాణం. "అది మురికి కాదు పాపా, దాని వయసు" అనేవాడు. నేను బుద్ధిగా తల ఊపేదాన్ని గానీ ఒక్క ముక్క ఎక్కితే ఒట్టు.

అన్నిట్లోకీ ఆయన మురిసిపోయేది ఒక ఆరు కోణాల నక్షత్రాన్ని చూసి. రెండో ప్రపంచయుద్ధం నాటిది. కాటుక డబ్బా అడుగులా నల్లగా ఉండేది. ఎవరిదో తెలియదు. "పేరు లేదు, పాపం" అనుకునేవాడు.

ఒక ఏడు దసరా ముందు రోజు అమ్మ పూజసామాన్లన్నీ పెరట్లో వేసింది... చెంబులు, దీపపు సెమ్మెలు, తాంబాళం. చింతపండు, ముగ్గుపిండి, కొబ్బరిపీచు. తోమడం నా వంతు. అన్నీ తళతళలాడుతుంటే నా బుర్రలో ఒక ఆలోచన మెరిసింది. ఆయుధపూజకని నాయన స్క్రూడ్రైవర్లు కూడా తుడిచి బొట్టు పెడతాడు కదా... మరి యుద్ధం చేసిన సిపాయి పతకం ఏం పాపం చేసింది?

నాయన వచ్చేసరికి నక్షత్రం కొత్త చెంబులా మెరిసిపోతోంది. మెచ్చుకుంటాడని రెండు చేతులా అందించాను.

"ఏం చేసినావు పాపా..."

అంతే. తిట్టలేదు, కొట్టలేదు. గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. అరవై ఏళ్ల నలుపు నేను అరగంటలో వదిలించేశానని అప్పుడు అర్థమైంది. నా ఏడుపు ఆగలేదు.

నన్ను ఊరుకోబెడుతూ అమ్మ ఆ పతకాన్ని తిప్పి చూసింది. "ఏమయ్యా... వెనకాల ఇంగ్లీషు అక్షరాలుండాయి చూడు!"

నాయన భూతద్దం తెచ్చాడు. మురికి కింద ఇన్నాళ్లూ దాగిన ఒక నంబరు, ఒక పేరు. సిపాయి ఎల్లయ్య.

మరుసటి గురువారం నాయన అది అమ్మినాయన్నే వెతుక్కుంటూ వెళ్లాడు. "పుప్పాలగూడ కెళ్లి పాత ఇత్తడి సామాన్ వచ్చింది సాబ్, గా బిందెల దొరికింది" అన్నాడట. ఇంటికొచ్చాక నాయన ఆ పెట్టె తెరవడం, మూయడం, మళ్లీ తెరవడం. ఇచ్చేయాలని ఉంది, ఇవ్వబుద్ధి కావడం లేదు. చివరికి అమ్మే అంది. "ఎవరిదో తెలిసినాక ఇంగ మనింట్లో ఎట్లా పెట్టుకుంటావు?"

ఆదివారం స్కూటర్ మీద బయలుదేరాం. పుప్పాలగూడ అప్పుడు ఉత్త ఊరు... బండరాళ్లు, మేకలు, నాలుగు వీధులు. హోటల్ దగ్గర అడిగీ అడగగానే "ఫౌజు ఎల్లయ్యనా? ఆయన పోయి చానా ఏండ్లాయె. గా వేపచెట్టు పక్క ఇంట్ల బిడ్డ లచ్చమ్మ ఉంటది" అన్నారు.

లచ్చమ్మకు అరవై దాటి ఉంటాయి. నక్షత్రాన్ని కళ్లకద్దుకుంది. "మా నాయినది సారూ... బిందెల దాచిన. మా కోడలుకు ఎర్కలేక బిందెతో సహా పాత సామానుల ఏసింది. ఆ పిల్ల ఏడ్తదని నేనేం అనలే."

తర్వాత ఆవిడ చేసిన పని నేను ఎప్పటికీ మర్చిపోలేను. కొంగుతో నక్షత్రాన్ని గట్టిగా రుద్ది, వేళ్లతో పసుపు పూసి, నట్టనడుమ కుంకుమ బొట్టు పెట్టి, వాళ్ల నాన్న ఫోటో ముందు ఉంచింది. వేలి చెమటకే గిలగిల్లాడే మా నాయన వైపు భయంభయంగా చూశాను. ఆయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"గింత మంచిగ ఎవలు తోమిన్రు సారూ?" అంది లచ్చమ్మ.

నాయన నా తల మీద చెయ్యి వేశాడు. "మా పాప తోమిందమ్మా" అన్నాడు... గర్వంగా! నా గుండెల మీది బరువు అక్కడే దిగిపోయింది.

ఇప్పుడు కొత్తగూడలో మా ఫ్లాట్‌లో ఆ గాజుల పెట్టె నా దగ్గరే ఉంది. పతకాల పిచ్చి నాకూ అంటుకుంది. వెల్వెట్‌లో నక్షత్రం ఆకారంలో అణిగిన చోట నాయన మరొకటి పెట్టలేదు. నేనూ పెట్టను. అది చూసినప్పుడల్లా మనసుకు హాయిగా ఉంటుంది.

ఇప్పుడైతే ఫోటో తీసి పతకాలు సేకరించేవాళ్ల గ్రూపులో పెడితే ఏ పటాలమో నిమిషంలో చెప్పేస్తారు. కానీ పుప్పాలగూడలో ఇప్పుడు ఏ టవర్ కింద నిలబడి అడిగితే "ఎల్లయ్య బిడ్డనా... గా ఇల్లే" అని చూపిస్తారు?

మీ ఇళ్లలో, పాత ట్రంకు పెట్టెల్లో ఇలాంటి పతకం ఏదైనా ఉందా? ఒకసారి వెనక్కి తిప్పి, ఎవరి పేరుందో ఇక్కడ రాయండి... పేరు కనబడక చింతపండు పెట్టి తోమామని చెప్పినా, నేను మాత్రం కోప్పడను.