వెనక సీట్లో ముఖ్యమంత్రి

ఆ రోజుల్లో నాకు లోకంలో ప్రతిదీ క్లైమాక్స్‌లాగే కనిపించేది. ఆఫీసు లిఫ్టు రెండు నిమిషాలు ఆగిపోయినా, బిర్యానీలో ముక్క తక్కువైనా, వెనక ఏదో పెద్ద కుట్ర ఉందనీ, దాన్ని బయటపెట్టడానికే దేవుడు నన్ను ఖతర్ పంపాడనీ గట్టిగా నమ్మేవాణ్ణి. (నిజానికి పంపింది దేవుడు కాదు, మా మేనమామ. అదీ కుట్రలు ఛేదించడానికి కాదు, ఏసీ గొట్టాల డ్రాయింగులు గీయడానికి.) ఈమధ్య నేను సొంతంగా తీసిన రాజకీయ థ్రిల్లర్‌ని నలుగురూ చూశాక, "మీ ప్రయాణం ఎక్కడ మొదలైందండీ?" అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. నేను గొంతు సవరించుకుని ప్రపంచ సినిమా గురించి ఏదో చెబుతుంటాను. మీరు కాబట్టి అసలు సంగతి చెబుతున్నాను. అది అల్ వుకైర్‌లో ఒక విల్లా ప్రహరీ లోపల, ఒక ముఖ్యమంత్రి నా మాట వినకపోవడంతో మొదలైంది.

అల్ ముంతజాలో నా గదిలోనే ఉండే కెమెరా భాయ్‌ది నిజామాబాద్. ఊళ్ళో పెళ్ళిళ్ళ వీడియోలు తీసిన చెయ్యి, దోహాలో మొబైల్ దుకాణంలో డ్యూటీ. అరగంట చిన్న సినిమా తీద్దాం, పొలిటికల్ థ్రిల్లర్ అనగానే తింటున్న రొట్టె పక్కన పెట్టేశాడు. "మియా, జర సోచో. ఉండేది ఖతర్‌ల, తీసేది పాలిటిక్స్. ఇద్దరం కలిసి ఇంటికే పోవుడు." ఇక్కడి రాజకీయం కాదు భాయ్, మన రాష్ట్రంలోదేనని నచ్చజెప్పాను. కాసేపు ఆలోచించి, "అట్లయితే ఓకే. అక్కడి సీఎంతోని నాకు డర్ లేదు," అని మళ్ళీ రొట్టె అందుకున్నాడు.

ఇక ఆ సీఎం దొరకడమే కష్టమైంది. చివరికి అబూ హమూర్‌లో కూరగాయల మార్కెట్ దగ్గర ఒక మీసం కనిపించింది. మీసం వెనకున్న మనిషి కడప వైపు పెద్దన్న, ఒక ఖతరీ ఇంట్లో డ్రైవరు. పదకొండేళ్ళుగా ఆ ఇంటి పిల్లల్ని బడికీ, మేడమ్‌ని బజారుకీ తిప్పుతున్నాడు. ముఖ్యమంత్రి వేషం అనగానే చేతిలో సంచీ కింద పెట్టి, "నవ్వులాటకా, నిజమా అబ్బీ?" అన్నాడు. నిజమే అన్నాను. నాలుగు నెలల పాటు, ఆయనకి సెలవు దొరికిన శుక్రవారాల్లో, గదిలో దుప్పటి కట్టి సచివాలయమనుకుని తీస్తూ పోయాం. మిగిలింది ఆఖరి సీను. ఈలోగా పెద్దన్న, ఇంకో పది రోజుల్లో ఇక్కడి పని మానేసి ఊరికి వెళ్ళిపోతున్నానన్నాడు. దొరికింది ఒక్క శుక్రవారం మధ్యాహ్నం. అది గడిస్తే నా సినిమాకి ముగింపే లేదు.

కారూ విల్లా కూడా మా ఆఫీసు అకౌంట్స్ సార్‌వి. కారు ఇంకొకరి చేతికి ఇవ్వనన్నాడు కాబట్టి స్టీరింగ్ దగ్గర ఆయనే. ముందు సీట్లో ముఖ్యమంత్రి గారి పీఏగా నేను (గదిలో టై ఉన్నది నా ఒక్కడికే). వెనక సీట్లో అద్దం దించుకుని, గంజి పెట్టిన తెల్లచొక్కాలో పెద్దన్న. కారు గేటులోంచి వచ్చి ఆగాలి. నేను దిగి వెనక తలుపు తీయాలి. సీఎం దిగి, తిరగబడ్డ ఎమ్మెల్యేతో అన్నట్టుగా కెమెరాలోకి చూస్తూ, "రాజీనామా రేపు పొద్దునకల్లా నా బల్ల మీద ఉండాల" అనాలి. అంతే.

కారు ఇంకా పూర్తిగా ఆగనేలేదు. ముఖ్యమంత్రి దూకినంత పని చేసి, చుట్టూ తిరిగొచ్చి, నా తలుపు తీసి, నా తల తగలకుండా పైన చెయ్యి అడ్డం పెట్టి వినయంగా నిలబడ్డాడు. భాయ్ కెమెరా వదిలేసి నేల మీద కూర్చుని నవ్వాడు. రెండోసారి చేతులు కట్టుకుని కూర్చోమన్నాను. కూర్చున్నాడు గానీ, కారు ఆగగానే, "సార్, రవ్వంత నీడలో పెట్టండి, బండి కాలిపోతాది," అన్నాడు. మూడోసారి అంతా సవ్యంగా జరిగి, బెదిరింపు చివర "సార్" చేరింది. అయిదోసారి మళ్ళీ నా తలుపే తీశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "మీరు ముఖ్యమంత్రి! డ్రైవర్ కాదు!" అని అరిచేశాను.

పెద్దన్న చొక్కా సర్దుకుని, మెల్లగా అన్నాడు. "నేనేం జేసేది అబ్బీ, బండి నిలిచిపోతానే చెయ్యి దానంతటదే పోతాది. ఈడికొచ్చి పదకొండేండ్లాయ, ఎనక సీట్లో కూచ్చునేది ఈ పొద్దే. ఒళ్ళంతా గిజగిజ అంటాది." నాకు సిగ్గేసింది, ఇప్పటికీ వేస్తుంది. సారీ చెబుదామని నోరు తెరిచేలోపే ఆయన ఫోన్ మోగింది. మేడమ్. "యల్లా" (త్వరగా రా) అన్న ఒక్క ముక్క మాకూ వినిపించింది. "ఇంగ పోవాల అబ్బీ," అన్నాడు. పది నిమిషాలు మిగిలాయి. కెమెరాలో పాత టేక్ చూసుకుంటున్న భాయ్, "గిట్లనే ఉండనియ్ మియా. సీఎం తలుపు తీస్తుండు, పీఏ దిగుతుండు. ఎవడు మాలిక్, ఎవడు నౌకర్? మస్తుంది!" అన్నాడు. నాకు బుర్ర వెలిగింది. అసలు ప్రభుత్వం నడిపేది పీఏ అన్నమాట! డైలాగు నేను లాక్కున్నాను. ఒక్క టేకులో అయిపోయింది.

తర్వాతి శుక్రవారం రాత్రి మా గదిలో గోడ మీద వేసి చూపిస్తే పాతికమంది ఇరుక్కుని కూర్చుని చూశారు. పీఏ దిగగానే ఈలలు. నేను ఆ రోజు నేల మీద నడవలేదు. అందరూ వెళ్ళాక పెద్దన్న దగ్గరికొచ్చి, "బాగుంది అబ్బీ. కానీ సీఎం నేనే గదా? నువ్వెట్ల గొప్పోడివైతివి?" అన్నాడు. అధికారం ఎక్కడుంటుంది, ప్రతీక అంటే ఏమిటి అని పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. ఓపిగ్గా అంతా విని, "సరేలే. మా పాపకి ముఖ్యమంత్రి వేషమని చెప్పినా. దానికి పంపేటప్పుడు ఆ తలుపు తీసే ముక్క కోసేసి పంపు," అన్నాడు.

కోసేశాను. ఆ ఆఖరి సీనులో మిగిలింది నలభై సెకన్లు. నల్లకారు గేటులోంచి వస్తుంది. ఫ్రేము నిండా వెనక సీటే: మీసం, తెల్లచొక్కా, బయటికి చూస్తున్న ఒక మనిషి. ఆగకముందే అయిపోతుంది. ఆ అరగంట సినిమా ఇప్పుడు చూడమంటే నా నటనకి నేనే తట్టుకోలేక మూడో నిమిషంలో ఆపేస్తాను. ఆ నలభై సెకన్లు మాత్రం ఎన్నిసార్లయినా చూస్తాను. నేను తీసినవాటిలో ఒక్క మెరుగూ దిద్దబుద్ధి కానిది అదొక్కటే. అందులో నేను కనపడను. అందుకే బాగుంటుందేమో!