బళ్లారిలో మూడు టి.బి.లు

నా చిన్ననాటి స్నేహితురాలు సుభద్ర రాసిన ఒక జాబుతో ఈ ప్రయాణం మొదలైంది. మద్రాసు హాస్టల్లో కలిసి చదువుకున్న రోజుల్లో, నలుగురిలో అనలేని మాటలన్నిటికీ మేము ఇంగ్లీషు అక్షరాలు పెట్టుకున్నాం. నెలసరి ఎం.సి., ఎవరైనా నీళ్లోసుకుంటే పి, పరీక్ష తప్పితే ఎఫ్. ఇరవై ఏళ్లు దాటినా ఆ అలవాటు పోలేదు. మొన్న వేసవి ముందు సుభద్ర ఇలా రాసింది: "కొన్నాళ్లుగా బళ్లారి టి.బి.లో ఉన్నాను. వేళకు పాలూ గుడ్లూ తెచ్చిపెడతారు. పనేమీ చేయనివ్వరు. పిల్లల్ని చూసి నెల దాటింది. తీరిక చేసుకుని ఒకసారి రాగలవా?"

ఆమె భర్త సిరుగుప్పలో కాలువల ఇంజనీరు. ఊరూరా ప్రయాణికుల బంగళాల్లో దిగే మనిషి. ఇంగ్లీషులో ట్రావెలర్స్ బంగళా గనక దాన్ని అందరూ టి.బి. అనే అంటారు. నేనూ అదే అనుకున్నాను. "నీ వైభోగం చూస్తే అసూయగా ఉంది. బాగా తిని పడుకో. పరీక్ష పేపర్లు దిద్దడం అయ్యాక వస్తాను, నాకూ ఒక మంచం అట్టిపెట్టించు. ఇద్దరం హోస్పేట ఆనకట్ట చూసొద్దాం" అని జవాబు రాశాను. పేపర్లు ముగిసేసరికి ఐదు వారాలు పట్టింది.

అనంతపురంలో తెల్లవారుజామున పాసింజరెక్కి, గుంతకల్లులో బండి మారితే పదిన్నరకు బళ్లారి చేరవచ్చు. గుంతకల్లులోనే ఫలహారం చేయడం మంచిది, అక్కడ బండికోసం గంటకు పైగా కూర్చోవాలి. బళ్లారి స్టేషను బయట జట్కాలుంటాయి, ఊళ్లో ఎక్కడికైనా అర్ధరూపాయికి వస్తారు. టి.బి.కి పోవాలన్నాను. జట్కా సాయిబు కళ్లెం పట్టుకుని వెనక్కి తిరిగాడు.

"ఏ టీబీకమ్మా? మాకు మూడుండాయి. డ్యాము టీబీ అంటే హోస్పేట బస్సెక్కాల. బంగళా టీబీ ఈడ్నే ఉండాది. ఇంగొకటి..." అని గుండెమీద చెయ్యి పెట్టుకుని ఉత్తుత్తిగా దగ్గాడు.

నేను నవ్వాను. "బంగళాకే పద సాయిబూ."

బంగళాలో వంటవాడు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఆడోళ్లెవరూ దిగలేదే ఈడ. సుభద్రమ్మనా? సిరుగుప్ప ఇంజనీరప్ప ఇంటామె గదా! ఆయప్ప ఈడ దిగి దినామూ క్యారియర్ తీస్కోని పోతా ఉండె." ఇంకెవరూ లేని వరండాలో అతను గొంతు తగ్గించాడు. "ఆ టీబీకి పోతా ఉండెనమ్మా. దవాఖానాకు."

మళ్లీ జట్కా ఎక్కగానే సాయిబు అడక్కుండానే బండిని ఆస్పత్రి వైపు తిప్పాడు. ఆస్పత్రి గుమాస్తా పెద్ద పుస్తకం తీసి, వేలితో వరసలు దిగుతూ వచ్చి సుభద్ర పేరు దగ్గర ఆగాడు. పక్కన ఎర్రసిరాతో ఒకే అక్షరం ఉంది. డి. పక్కనున్న బల్లమీద కూలబడ్డాను.

"డి అంటే?"

"డిశ్చార్జమ్మా. పోయినోళ్లకు ఈ వేస్తాం, ఎక్స్‌పైర్డని. ఏంది, అట్ల కూలబడ్తిరి? నీళ్లు తాగండి. వారమాయె ఆయమ్మ ఇంటికి పోయి."

ఒంటిగంటకు సిరుగుప్ప బస్సు దొరికింది. రెండు గంటల దారి. సగం దూరం ఎండిన నల్లరేగడి, ఆ తర్వాత ఒక్కసారిగా కాలువ నీళ్లు, వరి మళ్లు. ఇంకెప్పుడైనా అయితే కిటికీ వదిలేదాన్ని కాను. ఆ రోజు నా జాబు గురించి ఏం చెప్పాలా అని కాదు, ఏం చెప్పి తప్పించుకోవాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

సుభద్ర వరండాలో కుర్చీలో ఉంది. సగమైపోయింది. "రా రాజ్యం. ఆడ్నే కూర్చో, దగ్గరికి రావద్దు" అంటూనే నవ్వింది. "నీ జాబు వార్డంతా చదివి వినిపించినానే. మంచం అట్టిపెట్టమంటివి గదా, పక్క మంచమామె 'నాది ఇస్తాలే, రమ్మను' అనె. నవ్వలేక దగ్గొచ్చింది మాకు."

నేనూ నవ్వాను. రెండు గంటలు పాత సంగతులే మాట్లాడుకున్నాం. జబ్బు ఊసెత్తలేదు. ఐదున్నరది ఆఖరి బస్సని బస్టాండు గోడమీద చూసి వచ్చాను గనక ఐదింటికి లేచాను. అప్పుడు అడిగింది.

"నిజం చెప్పు. నీకు తెలీకనేనా? తెలుసుకోవద్దనుకుంటివా?"

"బంగళా అనుకున్నా సుభద్రా."

"పిల్లల్ని ఇడిసిపెట్టి ఒక్కదాన్నే బంగళాలో యాల ఉంటానే, నెలలకు నెలలు?"

"బస్సుకు వేళయింది" అన్నాను. "పోయిరా" అంది.

బస్సు ఇంకా కదలలేదు. టిక్కెట్టు కోస్తూ కండక్టరు అన్నాడు: "ఏమమ్మా ఉరుకులాడుకుంటా వస్తిరి? ఏడింటికి ఇంగొకటి ఉండాది గదా." బస్టాండు నుంచి సుభద్ర ఇల్లు నాలుగు వీధుల దూరం. నేను దిగలేదు.

అక్షరానికి మూడర్థాలుంటే పొరబడటం ఎవరికైనా తప్పదని మనసుకు చెప్పుకుంటూనే ఉన్నాను. కానీ మూడింట్లో నాకు కష్టం లేనిదాన్నే ఎందుకు ఎంచుకున్నాను? పిల్లల మాట రాసిన వరుసను చదివానా, దాటేశానా? ఇప్పుడు ఆ జాబు తీసి చూస్తే ఆ వరుసే ముందు కనిపిస్తోంది. అప్పుడు కనిపించలేదని ప్రమాణం చేయలేను.

ఆ వైపు వెళ్లేవాళ్లకు ఒక మాట. సిరుగుప్ప బస్టాండు గోడమీది పట్టికను నమ్మకండి. బళ్లారికి ఆఖరి బస్సు ఏడు గంటలకు. ఎవరినైనా చూడటానికి వెళితే, దానికే తిరిగి రండి.