తలుపు వైపు తిరిగిన బూట్లు

మంగళవారం పొద్దున ఎనిమిదింటికి అమ్మ ఫోన్ చేసింది. "పెద్దామె పోయిందిరా. నువ్వు మాత్రం రాకు. కోవిడ్ కదా, ఆ గదిలోకి ఎవర్నీ రానివ్వట్లేదు."

వెళ్ళాను.

ఆమె గురించి పేపర్లో నాలుగు మర్యాద మాటలు వేశారు. మీకు నేను మర్యాదగా చెప్పలేను.

మేం వలసొచ్చిన దేశంలో, అత్లోన్ అనే ఊళ్ళోని ఆ వృద్ధాశ్రమంలో అమ్మ నర్సు, నేను గదులు తుడిచేవాణ్ణి. పెద్దామె యూదురాలు, రచయిత్రి. ఎనిమిదేళ్ళప్పుడు సొంత దేశం తరిమేస్తే ఇక్కడికొచ్చి పడింది. స్కూల్లో కొట్లాడి చదువు మానేసిన నేను చివరిదాకా చదివిన మొదటి పుస్తకం ఆమె నవలే. అందులో తోటిపిల్లలు ఒక యూదు పిల్ల తలను నీళ్ళతొట్టిలో ముంచి, మా క్రైస్తవ ప్రార్థన చెప్పు అంటారు. పిల్ల ఒకడి చెవి కొరికేస్తుంది.

"నిజంగా కొరికారా?"

"చెవి ఉప్పగా ఉండింది," అంది, టీలో బిస్కట్ ముంచుకుంటూ.

లాక్‌డౌన్ మొదట్లో "వైరస్ గాడా, మీ దేశం పో" అని కుర్రాళ్ళు రాళ్ళేస్తే నా నుదురు చిట్లింది. ఆమె జాలిపడలేదు. "తిరిగి కొట్టావా?"

"లేదు."

"మరి ఇక్కడెలా బతుకుతావోయ్?"

ఆమె బూట్లు మంచం కింద తలుపు వైపే తిరిగి ఉండాలి. ఊడుస్తూ జరిపితే తిట్టేది. "ఎప్పుడు పరిగెత్తాలో ఎవడు చెప్తాడు?" ఎనభై ఏళ్ళు ఇక్కడే బతికి!

నవల చివర్లో పిల్ల తల్లి శవాన్ని పూడ్చేదాకా పక్కనే కూర్చుంటుంది. "అది అబద్ధం," అంది ఒకరోజు. "మెట్ల మీద పోలీసు బూట్లు వినబడగానే అమ్మ శవాన్ని వదిలేసి పారిపోయాను. పోయినవాళ్ళను మావాళ్ళు ఒంటరిగా వదలరు. నాకెవరూ లేరు. నువ్వు కూర్చుంటావా?"

కూర్చుంటానన్నాను.

ఆ మంగళవారం ఆశ్రమం గుమ్మంలో మేనేజరు అడ్డం నిలబడ్డాడు. "ఇప్పుడామె హాయిగానే ఉంది. ఇంటికి పో." కాలరు పట్టి గోడకేసి కొట్టాను. ఇద్దరొచ్చి నన్ను బయటికి ఈడ్చేశారు. ఆమె కిటికీని గుద్దాను. అద్దం పగల్లేదు, నా వేళ్ళు పగిలాయి. లోపల మాస్కులో ఉన్న అమ్మ అరిచింది. "పోలీసుల్ని పిలిచార్రా! లోపలేస్తారు, పారిపో!"

"పోను. పరదా తియ్యమ్మా."

నా చేతి రక్తం చూసింది. తీసింది.

తడిగడ్డిలో కూర్చున్నాను. మంచం మీద ఆమెను పెట్టి జిప్పు వేసిన సంచీ. వెనక కంకర మీద బూట్ల చప్పుడు దగ్గరికొచ్చింది.

"లే," అన్నాడు పోలీసు.

"శవాన్ని తీసుకెళ్ళే బండి రానివ్వండి, అప్పుడు లేస్తాను."

అద్దం మీద నా రక్తం కిందికి జారుతోంది. దాని వెనక, మంచం కింద, ఆమె బూట్లు ఇంకా తలుపు వైపే చూస్తున్నాయి.