ఊపిరి తీసుకోని భుజంగరావు

ఆఫీసు నుంచి రాగానే జానకిరామ్ ఇప్పటికీ గోరువెచ్చని నీళ్లలో ఉప్పు కలుపుకుని పుక్కిలిస్తాడు. ఏ ఇంటి నుంచి ఎప్పుడు ఫోన్ వస్తుందో తెలియదు, గొంతు సిద్ధంగా ఉండాలి. పదిహేనేళ్లుగా అదే అలవాటు. పోయిన దీపావళి తర్వాత ఆ ఫోన్లు ఆగిపోయాయి. పుక్కిలించడం మాత్రం ఆగలేదు.

"ఉప్పు దండగ," అంటుంది భార్య కమల, వంటింట్లోంచి.

జానకిరామ్‌ది ఒంగోలు. పని ఐర్లండ్‌లో, డబ్లిన్ శివారు లెపర్డ్స్‌టౌన్‌లో, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇల్లు అదే నగరం ఇంకో అంచున, బ్లాంచర్డ్స్‌టౌన్‌లో. ఆఫీసులో అతని గురించి చెప్పుకునేదేమీ లేదు. రిటైర్మెంటుకు దగ్గరపడిన, తక్కువ మాట్లాడే మనిషి. బ్లాంచర్డ్స్‌టౌన్ తెలుగువాళ్లకు మాత్రం అతను భుజంగరావు.

అసలు భుజంగరావు నలభై ఏళ్ల కిందటి సినిమాల్లో విలన్. పోయి చాలా కాలమైంది. గరుకు నేల మీద బండరాయి ఈడ్చినట్టుండేది ఆయన గొంతు. కాలేజీ రోజుల్లో జానకిరామ్ మిమిక్రీకి ఆ గొంతును పట్టుకున్నాడు. ఐర్లండ్ వచ్చాక తెలుగు సంఘం పండగల్లో, పిల్లల డ్యాన్సులు అయ్యాక, భోజనాలకు ముందు, పది నిమిషాలు అతనివే.

ఒక దీపావళికి ఒక తల్లి దగ్గరకొచ్చి, "అంకుల్, మావాడు అన్నం ముట్టడంలేదు. మీ భుజంగరావు చేత ఒక ఫోన్ చేయించరాదూ," అని నవ్వుతూ అడిగింది. మర్నాడు జానకిరామ్ ఫోన్ చేశాడు.

"ఏరా, బీరకాయ కూర పక్కకి నెట్టావంట. లువాస్ ఎక్కానంటే అరగంటలో మీ ఇంటి ముందుంటా."

వాడు కంచం ఊడ్చేశాడు. లువాస్ రైలు బ్లాంచర్డ్స్‌టౌన్ దాకా రాదన్న సంగతి ఆ వయసు పిల్లలకు తెలియదు.

కబురు ఇంటింటికీ పాకింది. జానకిరామ్‌కు దీంట్లో ఒక పద్ధతి ఉండేది. ముందు తల్లిని అడిగేవాడు: ఈ పూట కూరేంది, పిల్లాడు నిన్న చేసిన అల్లరేంది. ఆ రెండూ తెలిస్తే చాలు, భుజంగరావుకు అన్నీ తెలుసని పిల్లలు నమ్మేవారు. రెండు నిమిషాలు దాటి మాట్లాడేవాడు కాదు. పిల్ల ఎదురు ప్రశ్న వేస్తే దగ్గి, "అది మీ అమ్మనడుగు," అని పెట్టేసేవాడు. ఒకసారి చేసిన ఇంటికి మళ్లీ నెల దాకా చేసేవాడు కాదు.

"ఎక్కువసార్లు చేస్తే బంధువైపోతాడు. బంధువు మాట ఎవరు వింటారు?" అనేవాడు కమలతో.

పోయిన సెప్టెంబరులో విశాల్ ఇంటికొచ్చాడు. కరీంనగర్ కుర్రాడు, సంఘానికి కొత్త కార్యదర్శి.

"అంకుల్, ఈసారి దీపావళికి భుజంగరావునే స్క్రీన్ మీదికి తెస్తున్నం. బొమ్మ అచ్చం ఆయనే. గొంతే సెట్ అయితలేదు. పాత సినిమాలల్ల వెనకంగ మ్యూజిక్ ఉంటది, ఉత్త గొంతు తియ్యనీకి వస్తలేదు. మీరు కొన్ని డైలాగులు చదివి ఇస్తే ఏఐ నేర్చుకుంటది."

"మనిషిని నేనుండగా బొమ్మెందుకయ్యా?"

"మీరు స్టేజీ ఎక్కితే మీరే కనవడ్తరు కద అంకుల్."

"పొట్ట కూడా కనబడిద్ది," అంది కమల.

ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వులోనే జానకిరామ్, "గ్రాండ్, కానియ్," అన్నాడు. ఈ దేశంలో దేనికైనా ఒప్పుకోవడానికి వాడే మాట అది, అంతకంటే ఎక్కువ ఆలోచించి అన్నది కాదు.

ఆదివారాలు కిటికీలకు దుప్పట్లు కట్టి, భోజనాల బల్ల దగ్గర కూర్చుని రికార్డు చేశారు. సినిమా డైలాగులు అయిపోయాక విశాల్, "పిల్లలకు చేసే ఫోన్లు గూడ చెప్పుండ్రి అంకుల్, న్యాచురల్‌గ వస్తది," అన్నాడు. జానకిరామ్ చెప్పాడు. ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ ఆగాలో, కూర పేరు ఎలా నొక్కాలో అన్నీ. మాట చివర వచ్చే ఆ దగ్గు అసలు భుజంగరావుది కాదు, ఒకప్పటి సిగరెట్ల వల్ల జానకిరామ్‌కు అంటుకున్నది. అదీ ఇచ్చేశాడు. రెండు నిమిషాల సంగతి విశాల్ అడగలేదు, చెప్పాలని జానకిరామ్‌కు తోచలేదు.

దీపావళి రోజు హాల్లో లైట్లు ఆర్పారు. స్క్రీన్ మీద భుజంగరావు కోటు వేసుకుని నడిచొచ్చాడు, ముందు వరసలో పిల్లల్ని పేరుపేరునా పిలిచి గదమాయించాడు. జనమంతా ఫోన్లెత్తి వీడియో తీశారు. మూడో వరసలో జానకిరామ్ కూడా నవ్వాడు. చప్పట్లు మోగుతున్నప్పుడు తన పేరు పిలుస్తారని కండువా సర్దుకుని సగం లేచాడు. విశాల్ మైకులో టెక్నికల్ టీముకు థాంక్స్ చెప్పి, భోజనాలు వడ్డించారని ప్రకటించాడు. జానకిరామ్ లేచినవాడు లేచినట్టే బిర్యానీ వరసలోకి వెళ్లి నిలబడ్డాడు.

నెల తిరగకముందే అది యాప్ అయింది. పిల్ల పేరు, కూర పేరు నొక్కితే భుజంగరావే ఫోన్ చేస్తాడు, ఏమడిగినా బదులిస్తాడు. భుజంగరావు సినిమా ఒక్కటీ చూడని పిల్లలు ఆయన బొమ్మ ఉన్న టీషర్టులు అడుగుతున్నారు. ఎవరో అసలు సినిమా ముక్క ఒకటి ఆన్‌లైన్‌లో పెడితే, గొంతు తేడాగా ఉంది, ఎవరో డబ్బింగ్ చెప్పినట్టున్నారని కింద రాశారు. జానకిరామ్ అది కమలకు చదివి వినిపించాడు.

"మీరు గెలిచినట్టా, ఓడినట్టా?" అని అడిగింది కమల.

మార్చిలో ఒక సాయంత్రం, అతను పుక్కిలించి గ్లాసు కింద పెట్టాడో లేదో, ఫోన్ మోగింది. పక్క వీధిలో ఉండే మైథిలి. ఆమె కూతురు హాసినికి ఆరేళ్లు.

"అంకుల్, మీరు ఫోన్లు ఇంకా చేస్తున్నారా?"

"చెప్పమ్మా. కూరేంది?" అన్నాడు. అడగడంలో కొంచెం తొందరపడ్డాడు కూడా.

"దొండకాయ. కూర గొడవ కాదంకుల్. ఆ యాప్ పెట్టాను. మొదట్లో బాగానే తినేది. ఇప్పుడు వాడు ఫోన్ చేస్తేగానీ ముద్ద దిగదు. గంటసేపు కబుర్లు. స్కూల్లో ఎవరు కొట్టారో, టీచరేమందో, అన్నీ వాడికే. నన్నడిగితే 'ఐ టోల్డ్ హిమ్ ఆల్రెడీ' అంటది. ఇక ఫోన్ చెయ్యనని ఆ గొంతుతో మీరే చెప్పెయ్యండి. మీరు చెబితేనే నమ్ముతుంది."

జానకిరామ్ ఎప్పటిలాగే లేచి నిలబడ్డాడు, ఒక చెయ్యి కుర్చీ మీద వేశాడు. కమల పొయ్యి మీది ఫ్యాన్ ఆపింది.

"ఏమ్మా హాసినీ, దొండకాయ ముట్టలేదంటగా."

హాసిని గొంతు అనుమానంగా పలికింది.

"హూ ఈజ్ దిస్?"

"నేనే. భుజంగరావుని. వేరే ఊరు పోతన్నా. ఇంక ఫోన్ చెయ్యను. స్కూలు సంగతులు మీ అమ్మకు చెప్పుకో." మాట చివర దగ్గు వచ్చింది.

"మమ్, దట్స్ నాట్ హిమ్," అంది హాసిని, అచ్చమైన డబ్లిన్ యాసలో. "ఇట్స్ జస్ట్ సమ్ మ్యాన్. హీ కీప్స్ బ్రీదింగ్."

తర్వాత, పెంపకం మంచిది కాబట్టి, "బై నౌ, అంకుల్," అని ఫోన్ తల్లికిచ్చేసింది.

"సారీ అంకుల్," అంది మైథిలి. "నాకైతే తేడానే తెలియలేదు."

"తనకు తెలిసిందిలేమ్మా," అన్నాడు జానకిరామ్.

కమల మంచినీళ్లు తెచ్చిచ్చింది. "ఏమంది?"

"ఊపిరి తీసుకుంటున్నానంది."

"అదొక్కటీ మానకండి," అంది కమల.

అతను విశాల్‌కు ఫోన్ చేశాడు. తన పేరు వేయమని కాదు. అది అడగాల్సిన రోజు దాటిపోయింది.

"విశాల్, భుజంగరావు ఎంతసేపన్నా మాట్లాడతన్నాడంట. రెండు నిమిషాలకు పెట్టేసేటట్టు చెయ్యి. పిల్ల ఏమన్నా అడిగితే మీ అమ్మనడుగు అనాల. నేనట్టాగే చేసేవాణ్ని. నీకు చెప్పలా, తప్పు నాదే."

విశాల్ గొంతు నిజంగానే చిన్నబోయింది. "అంకుల్, అది ఇప్పుడు మన చేతుల లేదు. హైదరాబాద్‌ల ఒక కంపెనోళ్లు తీసుకున్నరు. పిల్లలు ఎంతసేపు మాట్లాడితే వాళ్లకు అంత మంచిది. జల్ది పెట్టేసే భుజంగరావును వాళ్లు ఎందుకు పెట్టుకుంటరు?"

జానకిరామ్ సరేనని పెట్టేశాడు. ఆ సంభాషణ రెండు నిమిషాల లోపే అయిపోయింది.

మైథిలి యాప్ తీసేసింది. హాసిని ఒకరోజు పాలు తాగి పడుకుంది, మర్నాడు అవీ తాగలేదు. మూడోరోజు మైథిలి యాప్ మళ్లీ పెట్టి, ఆ సంగతి జానకిరామ్‌కు మెసేజ్ చేసింది, ఏమీ అనుకోవద్దని కూడా రాసింది. ఆ సాయంత్రం భుజంగరావు గంటా పది నిమిషాలు మాట్లాడాడు. హాసిని రెండు ఇడ్లీలు తింది.