బావ రిపోర్టులో ఇంకొకరి రక్తం

నీరసంగా ఉంటోందంటే బావను నర్సీపట్నం రమ్మని, మా వీధి ల్యాబులో రక్తపరీక్షకు పంపింది నేనే. గంట తర్వాత, తోడెళ్లిన అక్క మా ఇంటికొచ్చి రిపోర్టు నా చేతిలో పెట్టి కుర్చీలో కూలబడింది.

"సూడు తమ్ముడూ. హిమోగ్లోబిన్ ఆరేనట. మీ బావకి ఏటైపోతాదిరా?"

బావ తన జీడితోట ఎవరికి కౌలుకివ్వాలా అని అప్పుడే లెక్కలేసుకుంటున్నట్టు కిటికీలోంచి చూస్తున్నాడు. కంప్యూటర్లు బాగుచేసుకుని బతికేవాణ్ణి, రక్తం సంగతి నాకేం తెలుసు?

ఇంతలో అక్క కాగితం లాక్కుని మళ్లీ చూసింది. "గ్రూపు బీ అన్నాడేటి? నా కాన్పుకి రక్తమిచ్చింది ఈయనే కదా. ఓ పాజిటివ్!"

అప్పుడు చూశాను పైనున్న నంబరు. మూడు. ఏళ్లుగా జనంతో కిటకిటలాడే ల్యాబులో వరుస నంబరు ఇంకా మూడేమిటి? పరుగెత్తాను.

ల్యాబు సాఫ్ట్‌వేర్ ఎవరో మహానుభావులు పెట్టి వెళ్లారు, తలనొప్పి మాత్రం నాకు వదిలారు. తెరిచి చూస్తే ఆ మూడో నంబరు ఇద్దరికి ఉంది. కొత్త పట్టికలో బావ, పాత పట్టికలో ఎవరో మన్యం ఆవిడ. మొదటి రోజు నుంచీ వచ్చిన ప్రతి మనిషికీ డేటాబేసే వరుసగా నంబరు ఇస్తుంది. రిపోర్టు అయిపోయినవాళ్లను ల్యాబాయన సాయంత్రం పాత పట్టికలోకి జరిపేస్తాడు. రోజూ ఎవరో ఒకరు మిగిలేవారు. నిన్న మాత్రం ఒక్కరినీ ఉంచకుండా సర్దేశాడు.

"తర్వాత మెయిన్ స్విచ్ ఆపేశారా?" అన్నాను.

"రోజూ ఆపేసే ఎల్తానండి. పిడుగు పడితే మిషన్లు కాలిపోవేటండీ?"

సరిపోయింది. కరెంటు పోతే ఆ డేటాబేసుకు పాత లెక్క గుర్తుండదు, కొత్త పట్టికలో మిగిలినవాళ్ల నంబరు చూసి అక్కణ్నుంచి సాగిస్తుంది. ఇవాళ పొద్దున్న లేచి, ఆ పట్టిక ఖాళీగా కనిపించేసరికి ఒకటి నుంచి మొదలెట్టింది. ప్రింటు నొక్కితే పేరు కొత్త పట్టికలోంచి తీసుకుని, ఆ నంబరు ఫలితాన్ని మాత్రం ముందు పాత పట్టికలో వెతుకుతుంది కాబట్టి, పేరు బావది, ఫలితం ఆవిడది. ల్యాబాయన్ని తిట్టబోయిన మాట నోటిదాకా వచ్చింది, ఆ ముఖం చూసి మింగేశాను. పొద్దున్న రిపోర్టులు తీసుకెళ్లిన మిగతావాళ్లకు ఆయనే ఫోన్లు చేసి అవి తప్పని చెప్పాడు. నేను రెండు పట్టికల్లోకీ పెద్ద నంబరు చూసి, లెక్క దాని తర్వాత నుంచి సాగేలా మార్చాను. ఇకముందు ఎప్పుడు లేచినా రెండూ చూశాకే నంబరు ఇచ్చేలా కట్టుదిట్టం చేశాను.

బావ అసలు ఫలితం పద్నాలుగు, ఏ లోటూ లేదు. ఇంటికొచ్చి చెప్పగానే అక్క ఏడుస్తూనే నవ్వింది. "బేగి తినండి" అని గబగబా వడ్డించింది, బావ మాత్రం కంచం ముందు కూర్చోలేదు.

"ఆ ఆరు ఎవరిదిరా?" అన్నాడు. "ఆ మనిషి ఎలాగుందో కనుక్కో."

ల్యాబాయనకు ఫోన్ చేశాను. ఆయన ఆవిడ ఇంటికి చేసి, కాసేపటికి నాకు తిరిగి చేశాడు. "రిపోర్టు చూసిన అప్పట్లోనే ఆవిడకి రక్తం ఎక్కించారటండీ. ఇప్పుడు బాగుందట."

బావ చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. మారు అన్నం అడిగి మరీ పెట్టించుకున్నాడు.